తెలిసిన బాణం

“ఆ వాక్యం వద్దురా తమ్ముడూ. జనాన్ని శపించినట్టుంది,” అంది ఎడిటింగ్ చేస్తున్న అక్క.

“ఉండాల్సిందే,” అన్నాడు దర్శకుడు. తరతరాలుగా ఆడుతున్న పాత విషాద నాటకాన్ని అతను సినిమాగా తీశాడు. కోటగోడ మీది రాజు ఎవరి మాటా వినకుండా, సంధి కుదుర్చుకుని వస్తున్న సొంత కొడుకునే శత్రువనుకుని బాణం వేసి చంపుకుంటాడు. చివర్లో తెరమీద ‘మనిషి మారడు. ఈ నాగరికత మునగక తప్పదు’ అని పడుతుంది.

“ఎన్నిసార్లు చూపించినా బుద్ధి రాని జాతి అక్కా మనది. ఏం, యుద్ధాలు ఆగాయా?”

తొలి ప్రదర్శన రోజు అతనికి కాలు ఒకచోట నిలవలేదు. హాలు వెనక పచార్లు చేస్తూనే ఉన్నాడు. తెరమీద రాజు విల్లెత్తాడు.

“ఆగవయ్యా! వాడు నీ కొడుకు!” అని చీకట్లో ఎవరో గావుకేక పెట్టారు.

ఆ గొంతు గుర్తుపట్టగానే దర్శకుడు పచార్లు ఆపేశాడు. బాణం తగిలింది. ఆ కేకకు హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అతను ప్రొజెక్టరు గదిలోకి పరుగెత్తి, ఆ వాక్యం పడేలోపే బొమ్మ ఆపించేశాడు.

అక్క రొప్పుతూ వెనకే వచ్చింది. “నేను అరిచాననేనా ఆపేశావు? నీ పరువు తీశానా?”

“ఆ సీను నెలల తరబడి కోసి అతికించింది నువ్వే కదక్కా. బాణం తగులుతుందని నీకు తెలీదా?”

“తెలీకేంరా,” అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. “ఈసారైనా వింటాడేమో అనిపించింది.”