ఇరవై పేర్ల లిస్టు

గుండె ఆపరేషన్ లిస్టులో నూట నాలుగు పేర్లున్నాయి. నెలాఖరుకల్లా ఇరవై కావాలి.

జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు ఈ మాట చెప్పినప్పుడు హెడ్ క్లర్కు పర్శరాములు ఏమాత్రం కంగారు పడలేదు. నెలాఖరు సోమవారం హైదరాబాద్ నుంచి పెద్దలు తనిఖీకి వస్తున్నారట. ఒక్క కరీంనగర్ జిల్లా నుంచే ఇంతమంది వరసలో ఉన్నారంటే అసెంబ్లీలో అడుగుతారట. కాబట్టి లిస్టు తగ్గాలి. లిస్టు తగ్గడమంటే ఆపరేషన్లు పెరగడమని అనుకునే వెర్రివాడు కాదు పర్శరాములు. ఇరవై ఏళ్ల సర్వీసు. నిజాం రోజుల్లో పేర్లు ఉర్దూలో కొట్టేసేవాడు, ఇప్పుడు ఇంగ్లీషులో కొట్టేస్తున్నాడు.

నూట మూడు పోస్టుకార్డులు తెప్పించాడు. “మీరు బతికియున్నచో పదిహేను దినములలో జవాబు వ్రాయవలెను. లేనిచో మరణించినట్లు భావించబడును.” ఆ కార్డు ఊరు చేరాలి. చదివిపెట్టేవాడు దొరకాలి. జవాబు రాసిపెట్టేవాడు దొరకాలి. ఇవన్నీ పర్శరాములుకు తెలియక కాదు, తెలిసే పంపాడు.

పదహారో రోజున ఎర్ర సిరా బుడ్డి మూత తీశాడు. చాయ్ చల్లారేలోపు ఎనభై మందిని చంపాడు. గుండె జబ్బుకు కూడా అంత చురుకు లేదు. మిగిలిన ఇరవై నలుగురిలో ముగ్గురు నిజంగానే పోయారని తెలిసింది. పాపం, ఆయనకు ఆ మేరకు శ్రమ తప్పింది.

చచ్చినవాళ్లలో ఒకడు హుస్నాబాద్ నుంచి వచ్చాడు. పేరు వెంకటి, నేతపని. నాలుగడుగులకోసారి కూలబడే మనిషి.

“సారూ, నేను సచ్చిపోయిన్నని రాసిన్రట. బతికే ఉన్న.”

“కనవడ్తనే ఉంది. కార్డుకు జవాబెందుకియ్యలే?”

“నాకు సదువు రాదు సారూ. సదివేటాయన ఊళ్లె లేకుండె.”

“గట్లయితే గింతే. కొట్టేసిన పేరు మల్ల ఎక్కది. రూలు.”

“గా రూలు ఎవలు పెట్టిన్రు సారూ?”

పర్శరాములు కాగితం తీసి చూపించాడు. రాసింది తనే. సూపరింటెండెంటుతో సంతకం పెట్టించిందీ, హైదరాబాద్‌కు నకలు పంపించిందీ తనే. చచ్చినవాళ్లంతా ఇలా ఒక్కొక్కరే లేచి వస్తుంటే లిస్టు తగ్గేదెప్పుడు? వెంకటి గోడ పట్టుకుని ఆగి ఆగి గేటు దాకా పోయాడు. పర్శరాములు తలెత్తి చూడలేదు.

అలాగని ఆయనకు ప్రేమాభిమానాలు లేవనకండి. సుల్తానాబాద్‌లో అక్క ఉంది, సత్తమ్మ. తల్లి పోతే ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమెకూ గుండె జబ్బే. లిస్టులో అరవై రెండో పేరును మూడో పేరు చేశాడు. ఆమెకు కార్డు కూడా పంపలేదు. తనిఖీ మర్నాడే, మంగళవారం, హైదరాబాద్‌లో ఆమెకు ఆపరేషన్. సోమవారం వచ్చి తమ్ముడి దగ్గర ఆపరేషన్ చిట్టీ తీసుకుని బస్సెక్కాలి. ఇది తప్పిపోతే ఈ చలికాలం దాటదని డాక్టరు చెప్పేశాడు.

శనివారం వచ్చింది. లిస్టులో ఇరవై ఒక్కరున్నారు.

“ఇరవై అంటే ఇరవయ్యే. సాయంత్రం మనిషితో హైదరాబాద్‌కు పంపాలి” అని సూపరింటెండెంటు లోపలికి పోయాడు.

మధ్యాహ్నం టపాలో బావ రాయమల్లు రాసిన కార్డు వచ్చింది. “మీ అక్క బుధవారం పొద్దున కాలం చేసినది. కార్డు చూచిన వెంటనే బయలుదేరి రాగలవు.”

పర్శరాములు బల్లమీద తల పెట్టి బావురుమన్నాడు. నటన కాదు, నిజంగానే ఏడ్చాడు. “నన్ను ఎత్తుకున్న చేతులు గవి” అంటూ ప్యూను అంతయ్య భుజం పట్టుకుని వెక్కాడు. వార్డులో నర్సులు కూడా వచ్చి నిలబడ్డారు.

“రెండు గంటలకు సుల్తానాబాద్ బస్సున్నది సారూ, ఒక్క గంటల పోతరు. పోయిరాండ్రి” అన్నాడు అంతయ్య.

పర్శరాములు ముక్కు చీదాడు. కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు బల్లమీది లిస్టు కనిపించింది.

“బుధవారం పోయిందంటే ఇంకేమున్నదక్కడ? అంతా అయిపోయి ఉంటది. దినాలనాడు పోత” అన్నాడు.

ఆసుపత్రి నల్లా కింద తల పెట్టి మైల స్నానం అయిందనిపించాడు. ఆ తడి జుట్టుతోనే వచ్చి కలం ఎర్ర సిరాలో ముంచాడు. మూడో పేరు మీద గీత గీశాడు. ఇప్పుడు లెక్క సరిగ్గా ఇరవై.

“అక్క పోయినా సీటు వదల్లేదు. డ్యూటీ అంటే ఇదీ” అన్నాడు సూపరింటెండెంటు అందరి ముందూ. అంత దుఃఖంలోనూ పర్శరాములుకు ఆ మాట తియ్యగానే ఉంది.

సోమవారం పొద్దున హైదరాబాద్ నుంచి టెలిగ్రాం వచ్చింది. లిస్టు అందింది, సంతోషం, మూడో పేరుకు కేటాయించిన మంచం వేరే జిల్లా రోగికి ఇచ్చేశాం. తనిఖీకి వచ్చిన పెద్దలు లిస్టు చూశారు, చాయ్ తాగారు, పర్శరాములు పేరు రాసుకుని పోయారు.

మధ్యాహ్నం మెట్ల ముందు రిక్షా ఆగింది. దిగుతున్నది బావ రాయమల్లు. రానందుకు ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ, పర్శరాములు ముఖం దీనంగా పెట్టుకుని ఎదురెళ్లాడు.

బావ చెయ్యి ఆసరాగా రిక్షా దిగిన అక్క సత్తమ్మ, మెట్టు మెట్టుకూ ఆగి ఎగపోసుకుంటూ, “నా నెత్తి మీద కాకి తన్నిందిర తమ్మీ, తోడబుట్టినోడు ఏడిస్తే కీడు పోతదంటే మీ బావతోని నేను సచ్చిపోయిన్నని గా కార్డు రాపిచ్చిన, నువ్వు ఉరికొస్తవని నాలుగొద్దుల సంది దర్వాజ కాడ్నే కూసున్న, ఏది నా చిట్టీ?” అంది.