అర్సేని ఇంట్లో తుపాకీ

తైసియా కుడి భుజం చూసి జినైదా చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టేసింది.

శనివారం కదా, ఆవిరి స్నానాల గదిలో ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. తైసియా భుజం అరచేతి మేర కమిలి నల్లబడింది. దాని కిందే పాత మచ్చ ఒకటి పచ్చబారుతోంది.

"ఏంటే ఇది?"

"కట్టెలు మోస్తుంటే తగిలింది పిన్నీ" అంది తైసియా, తువ్వాలు పైకి లాక్కుంటూ.

"పోయిన నెలా కట్టెలే అన్నావు. మీ కట్టెలకి చేతులున్నాయేంటే?"

ఎవరూ నవ్వలేదు. తైసియా ఒళ్లయినా సరిగ్గా తుడుచుకోకుండా బట్టలేసుకుని వెళ్లిపోయింది.

జినైదా నోట్లో నువ్వుగింజ నానుతుందా? సాయంత్రానికల్లా మా ఊరు గ్లుఖోవోలో పొయ్యి వెలిగే ప్రతి ఇంట్లోనూ అదే మాట. అర్సేని పెళ్లాన్ని కొడుతున్నాడు. ఆలోచిస్తే అన్నీ అతికినట్టే ఉన్నాయి. ఆ మచ్చలు కనబడేది అతను వేటకి వెళ్లొచ్చాకే. వెళ్తే పెళ్లాన్ని వెంటబెట్టుకునే వెళ్తాడు, ఆవిడ బుట్ట పట్టుకుని అడవిపళ్లు ఏరుతుందట. అడవిలో అరిచినా వినేవాడెవడు? పైగా అతని చేతులు వణుకుతుంటాయి. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటాడు. తాగుడు కాకపోతే మరేంటి?

మొన్నటిదాకా అదే నోటితో పొగిడాం, అదీ మా ఊరి సంగతి. అర్సేని అంటే వేట, వేట అంటే అర్సేని. వాళ్ల నాన్న ఇచ్చిపోయిన రెండు గొట్టాల తూలా తుపాకీ, తూలా పట్నంలో చేసింది, ఉంది ఆ ఇంట్లో. పక్క రేకు మీద బాతు చెక్కి ఉంటుంది, చేతులు పడీ పడీ దాని రెక్కలు అరిగిపోయాయి. తూటాలు పెట్టడానికి విరిచి మూస్తే టక్కుమని ఒకే ఒక్క చప్పుడు. ఆ చప్పుడు వినడానికే మగాళ్లు టీ వంకతో వాళ్లింటికి వెళ్లేవారు. పట్నం వేటగాళ్లు మెరిసిపోయే కొత్త తుపాకీ ఇస్తాం, మారుస్తావా అని బతిమాలేవారు. కొత్తవి చలికి బిగుసుకుపోతాయి, ఇది ముక్కు గడ్డకట్టే చలిలోనూ మాట తప్పదు. దానికున్న పొగరల్లా ఒక్కటే, పేలిస్తే వెనక్కి తన్నే దెబ్బకి దవడ అదిరిపోతుంది. ఒకసారి సరదాపడి పేల్చిన ప్రోఖర్ రొట్టె నమల్లేక జావతో సరిపెట్టుకున్నాడు.

ఆ ప్రోఖరే తైసియాకి అన్న. పక్కిల్లే. ఆదివారం పొద్దున్నే చెల్లెలి ఇంట్లోకి అడుగుపెట్టాడు. వెనకే జినైదా, సాక్ష్యానికట.

అర్సేని బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు అడవికోడి పులుసు చల్లారిపోతోంది.

"బావా, మా చెల్లెలి ఒంటి మీద ఆ మచ్చలేంటి?"

అర్సేని పులుసు గిన్నె పక్కకి నెట్టాడు.

"అన్నయ్యా, ఆయన తప్పేం లేదు. అసలు సంగతి..." అని తైసియా మొదలుపెట్టింది.

"నువ్వూరుకో" అన్నాడు అర్సేని. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నేనే కొట్టాను."

తైసియా మొగుడి వంక అలా చూస్తూ ఉండిపోయింది.

"థూ, నీ మొహానికి వేట ఒకటి" అన్నాడు ప్రోఖర్. "పద చెల్లీ, మనింటికి పోదాం."

"నేను రాను."

"అయితే తుపాకీ తీసుకుపోతా. ఇలాంటోడి ఇంట్లో అది ఉండకూడదు. ఇంకోసారి చెయ్యెత్తావని తెలిసిందా, నిన్నే కాదు, చెల్లినీ అడగను, దాన్ని మా ఇంటికి ఎత్తుకుపోతా."

ఇనప పెట్టె తాళం తీయించి, తుపాకీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తైసియా అప్పుడు ఏడ్చింది. మొగుడి పరువు పోయినప్పుడు ఏడవని మనిషి తుపాకీ పోతుంటే ఏడవడమేంటో జినైదాకి అర్థం కాలేదు. పులుసులోకి పిట్ట ఉండదుగా పాపం, అని తనే సర్దిచెప్పుకుంది.

ఆ తర్వాత అర్సేని బతుకు కుక్కలు చింపిన విస్తరైంది. దుకాణం వరసలో నిలబడితే ఆడవాళ్లు దూరం జరిగేవారు. అతను సిగ్గుతో చితికిపోయి నేల చూపులు చూసేవాడు. ఒకరోజు వాళ్లింటి కిటికీ కిందుగా పోతూ జినైదా మొగుడూపెళ్లాల మాటలు విన్నది.

"చెప్పేద్దాం అర్సేని. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది?"

"ఉంది" అన్నాడతను.

ఇంకా ఏం ఘోరం దాస్తున్నాడో మహానుభావుడు, అని జినైదా చెంపలేసుకుంది.

తైసియా భుజం మాత్రం నెల తిరిగేసరికి తేటబడింది. "చూశారా, తుపాకీ పోయింది, పొగరు దిగింది" అని స్నానాల గదిలో అందరికీ చూపించింది జినైదా. తన వల్లే ఒక కాపురం బాగుపడిందని ఆవిడకి గట్టి నమ్మకం.

చలి ముదిరాక తోడేళ్లు ఊళ్లోకి రావడం మొదలుపెట్టాయి. ఒక మధ్యాహ్నం, పట్టపగలే, బక్కచిక్కిన తోడేలొకటి ప్రోఖర్ పెరట్లోకి దూరి గొలుసుకి కట్టేసిన కుక్క మెడ పట్టుకుంది. గొలుసు తెగదు, తోడేలు వదలదు. కేకలకి జనం పోగయ్యారు. ప్రోఖర్ తూలా తుపాకీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు గానీ, అవి రెండూ ఒక్క ముద్దయి దొర్లుతుంటే ఎక్కడ కాలుస్తాడు?

కంచె అవతల అర్సేని, తైసియా మంచు ఎత్తుతున్నారు.

"బావా" అన్నాడు ప్రోఖర్ కంచె దగ్గరికొచ్చి. "నేనన్నవి మనసులో పెట్టుకోకు. నేను కాలిస్తే నా కుక్కే పోతుంది. ఎగిరే పిట్టని కొట్టేవాడివి, నువ్వే కొట్టాలి."

తుపాకీ కంచె మీదుగా అందించాడు. అర్సేని అందుకున్నాడు. గొట్టాలు రెండూ గాలిలో వణికాయి. పగలే తాగాడని ఎవరో గొణిగారు. కుక్క మూలుగు సన్నబడుతోంది.

"కానియ్యి బావా, నీకు దణ్ణం పెడతా."

అర్సేని ఊరందరి ముందూ తల దించుకుని తుపాకీని తైసియా చేతుల్లో పెట్టాడు, ఆమె దాన్ని అలవాటైన చోట, ఆ కుడి భుజానికే ఆనించుకుంది.