మూడు మైళ్ళు

మొదటి బంతి గంటకి తొంభై ఆరు మైళ్ళ వేగంతో వెళ్ళింది. హావ్లిక్ తొంభై మూడు అని రాశాడు.

రాసేదాకా అలా రాస్తానని అతడికే తెలియదు. రాశాక కొట్టెయ్యవచ్చు. కొట్టెయ్యలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆట. అయోవా రాష్ట్రంలో నది పక్కనున్న ఆ ఊళ్ళో పని మానుకుని మైనర్ లీగ్ బేస్‌బాల్ చూడటానికి రెండొందలమంది వస్తే గొప్ప. మొక్కజొన్న మిల్లు నుంచి తియ్యటి మాడు వాసన వస్తోంది. హావ్లిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాటర్ వెనకాల వల దగ్గర, రెండో వరుసలో కూర్చున్నాడు. ఎడమచేతిలో స్పీడ్ గన్. తొడ మీద అట్ట, దానికి తగిలించిన కాగితం. ఒక్కో బంతికి ఒక్కో గడి. బంతి విసిరే వంతు లేని రోజున జట్టులోని పిచర్‌కి ఇదే పని.

మైదానం మధ్య మట్టిదిబ్బ మీద నుంచి విసురుతున్నవాడు యాదియెల్. డొమినికన్ కుర్రాడు. మొన్ననే ఇరవై నిండాయి.

పొద్దున్న మేనేజర్ కాగితం చేతికిస్తూ చెప్పాడు. "ఆదివారం మన పిచర్లలో ఒక్కడినే పై లీగ్‌కి పంపమన్నారు. పైవాళ్ళు ఆట చూడరు, అంకెలు చూస్తారు. జాగ్రత్తగా రాయి."

ఏడేళ్ళుగా హావ్లిక్ ఇలాంటి ఊళ్ళలోనే బంతులు విసురుతూ బస్సుల్లో తిరుగుతున్నాడు. పైకి వెళ్ళినవాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పగలడు. వెళ్ళే రోజున అందరూ ఒకేలా నవ్వుతారు. గట్టిగా కౌగలించుకుని, నిన్ను మర్చిపోను అంటారు. మళ్ళీ ఫోన్ చెయ్యరు.

యాదియెల్ మీద కోపం ఉండి ఉంటే బాగుండేది. లేదు. కిందటి వారం తనకి జ్వరం వస్తే చిక్కుళ్ళూ అన్నం వండి గదికి తెచ్చింది వాడే. గుచ్చుకుంటున్నది వాడి వేగం కూడా కాదు. ఆ వేగం తనకి ఎందుకుందో వాడు ఒక్కసారైనా ఆలోచించకపోవడం. బంతికీ బంతికీ మధ్య ఆవలిస్తున్నాడు, బస్సు కోసం నిలబడ్డవాడిలాగా.

రెండో బంతి తొంభై ఐదు. తొంభై రెండు అని రాశాడు.

రెండు కుర్చీల అవతల పెటిట్ కూర్చున్నాడు. వేరే జట్టు తరఫున ఊరూరా తిరిగి పనికొచ్చే ఆటగాళ్ళని వెతికే ముసలాయన. ఆయన దగ్గర ఆయన గన్ ఉంది.

"అబ్బో! అది చెయ్యా, ఫిరంగా? ఏమోయ్ హావ్లిక్, నీకెంత పడింది?"

"మామూలే."

"మామూలే అన్నది అంకె కాదయ్యా. అంత వొంగి రాస్తున్నావేంటి, పక్కవాడు కాపీ కొడతాడనా?"

హావ్లిక్ నవ్వాడు. మోచెయ్యి ఇంకాస్త ముందుకి జరిపాడు.

మొదట్లో ప్రతి బంతికీ మనసులో మూడు తీసెయ్యాల్సి వచ్చింది. నాలుగో ఇన్నింగ్స్‌కి ఆ శ్రమ తప్పింది. గన్ మీద తొంభై ఆరు వెలుగుతుంటే కంటికే తొంభై మూడు కనిపించింది. అబద్ధం రాస్తున్నట్టు లేదు. ఎవరో చాలాకాలం కిందట చేసిన పొరపాటుని తను సరిదిద్దుతున్నట్టు ఉంది.

ఆరో ఇన్నింగ్స్‌లో యాదియెల్ ముగ్గురు బ్యాటర్లనీ బంతి తగలనివ్వకుండా ఇంటికి పంపాడు. ఉన్న రెండొందలమందీ లేచి నిలబడ్డారు. హావ్లిక్ కూడా లేచాడు. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు కదా అనుకున్నాడు. తృప్తిగా అనిపించింది.

ఆట అయ్యాక యాదియెల్ భుజానికి ఐసు కట్టుకుని వల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఎంత దాకా పోయింది?"

"తొంభై మూడురా. దాటలేదు."

"అంతేనా! ఇవాళ చెయ్యి భలే తిరిగిందనుకున్నానే."

"ఒక్కో రోజు అలా అనిపిస్తుందిలే."

సామాను సర్దుకుంటున్న పెటిట్ తలెత్తాడు. "తొంభై మూడేంటయ్యా? నాకు ఇరవైసార్లు తొంభై ఆరు పడింది. ఇదిగో, చూసుకో అబ్బాయ్." నోటుబుక్కు తీసి వలకి ఆనించాడు.

యాదియెల్ అది చదివాడు. తర్వాత హావ్లిక్ తొడ మీద ఉన్న కాగితం వైపు చూశాడు. దాన్ని తిరగెయ్యడానికి హావ్లిక్‌కి కావలసినంత సమయం ఉంది. చెయ్యి కదల్లేదు.

పెటిట్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నోటుబుక్కు మూసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"నీ రాత చాలా బాగుందన్నా," అన్నాడు యాదియెల్. "ఒక్క కొట్టివేత కూడా లేదు."

అతడి గొంతులో కోపం లేదు. కోపం కోసం హావ్లిక్ వెతికాడు. దొరికితే దాన్ని పట్టుకుని ఏదైనా అనవచ్చు. యాదియెల్ భుజం మీది ఐసు సర్దుకుంటూ స్నానానికి వెళ్ళిపోయాడు.

కాగితం చించెయ్యవచ్చు. మడతపడింది, తడిసింది, పోయింది అనవచ్చు. మేనేజర్ గది దాకా నడిచిన అరవై అడుగుల్లోనూ హావ్లిక్ అదే ఆలోచించాడు. లోపలికి వెళ్ళి బల్ల మీద పెట్టాడు.

మేనేజర్ కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో గడులు దిగుతూ వచ్చాడు. ఆయన మొహం కొద్దిగా వాడింది.

"కుర్రాడు ఇంతకన్నా గట్టివాడనుకున్నాను. సరే. రేపటి కాగితం కూడా రానీ. రెండూ పక్కపక్కన పెట్టి ఒక పేరు చెప్పేస్తాను."

హావ్లిక్ తలూపి బయటికి వచ్చాడు. ఛాతీలో ఏదో తేలికపడింది. అది సంతోషమేనని తనకి తనే చెప్పుకున్నాడు.

మూసిన తలుపు మీద రేపటి ఆట చీటీ అంటించి ఉంది: విసిరేది హావ్లిక్, వేగం రాసేది యాదియెల్.