కొత్త గౌరి కావలెను

"నెక్స్ట్!" అని అరిచాడు శ్రీకృష్ణ.

నలభై మూడో అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వేదిక దిగిపోయింది.

మే నెల. దర్శిలో ఆ కల్యాణ మండపం పెనంలా కాలుతోంది. పొద్దుటి నుంచీ కరెంటు లేదు. పక్కనే జనరేటరు మోత.

శ్రీకృష్ణ టీవీ సీరియల్ డైరెక్టరు. నూట నాలుగు ఎపిసోడ్లలో ముగియాల్సిన కథను చానల్ వాళ్లు సాగదీసి, సాగదీసి ఎనిమిది వందల పన్నెండు దాకా లాక్కొచ్చారు. ఇద్దరు డైరెక్టర్లు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఇతను మూడోవాడు. వచ్చి ఇరవై రోజులైంది. పాత టేపులన్నీ ఫాస్ట్ ఫార్వర్డ్‌లో చూసి కథ ఒంటబట్టిందనుకున్నాడు.

ఇంతలో హీరోయిన్ మానేసింది. గౌరి వేషం వేసే ఆ బెంగళూరు అమ్మాయికి సినిమా ఛాన్సొచ్చింది.

"ఈసారి మా ప్రాంతం పిల్లే కావాలి. సోమవారానికి షూటింగ్ మొదలవ్వాలి," అన్నాడు దర్శివాడైన నిర్మాత.

అందుకే ఈ తిప్పలు.

"ఏవండీ, ఒక్క మాట."

ఎదురుగా నలభై ఏళ్లావిడ. ముతక నేత చీర, చేతిలో గొడుగు.

"మీ అమ్మాయి నంబరెంతండీ?"

"అమ్మాయి లేదండీ. నేనే మీతో..."

"మీరా?" మేనేజరు కోటేష్ పగలబడి నవ్వాడు. "అత్త వేషం ఖాళీ లేదమ్మా!"

ఆవిడ నవ్వలేదు. "ఇందాకటి నుంచీ చూస్తున్నానండీ. పిల్లలందరూ అరుస్తున్నారు. గౌరి అరవదండీ. కోపమొస్తే ఇంకా మెల్లగా మాట్లాడుతుంది."

శ్రీకృష్ణకు ఒళ్లు మండింది. పొద్దుటి నుంచీ సలహాలే. టీ తెచ్చినవాడు సలహా, మండపం వాచ్‌మన్ సలహా.

"ఎన్ని ఎపిసోడ్లు చూశారేంటి?"

"అన్నీ అండీ."

"ఊరంతా చూసింది. నాకిప్పుడు వినే ఓపిక లేదమ్మా. కోటేష్, గేటు దగ్గర ఎవడూ లేడా?"

కోటేష్ దారి చూపించాడు. ఆవిడ బయటికి నడిచింది. గొడుగు విప్పుకుని గేటు బయట కాసేపు నిలబడింది. తర్వాత కనిపించలేదు.

నలభై నాలుగో అమ్మాయి శ్రీరమ్య. చక్కటి మొహం. మాట స్పష్టం.

"ఈ పిల్లే!" అని కుర్చీలోంచి లేచాడు శ్రీకృష్ణ.

శ్రీరమ్య గౌరి అయింది. మొదటి ఎపిసోడ్ వచ్చిన సాయంత్రమే చానల్ ఫోన్లు మోగాయి.

"ఎవరండీ ఈమె? మా గౌరేది?"

జడ మార్చారు. చీరలు మార్చారు. పాత గౌరి కట్టిన చీరలే కట్టించారు. నెల తిరిగేసరికి చూసేవాళ్లు సగమయ్యారు.

అటు బెంగళూరు అమ్మాయి సినిమా ఆగిపోయింది. నిర్మాత కాళ్లావేళ్లా పడి ఆమెను వెనక్కి తెచ్చాడు. శ్రీరమ్య ఏడుస్తూ బస్సెక్కింది.

పాత గౌరే మళ్లీ వచ్చింది. ఫోన్లు మాత్రం ఆగలేదు.

విసిగిపోయి ఒక ఫోను తనే ఎత్తాడు శ్రీకృష్ణ. పొదిలి నుంచి జోహరాబీ అనే ముసలావిడ.

"మా గౌరిని ఎప్పుడు తెస్తారు నాయనా?"

"తెచ్చాం కదమ్మా! అదే అమ్మాయి, అదే మొహం! కళ్లు పెట్టుకుని చూడండి!"

"మొహం నాకేం తెల్సు? ఆ టయానికి నేను పొయ్యి కాడ రొట్టెలు చేసుకుంటా ఉంటా. గౌరి మాట ఇనపడితే ఇంట్లో మనిషున్నట్టుండేది."

శ్రీకృష్ణ ఫోను పెట్టేశాడు. తిన్నగా రికార్డింగ్ గదికి నడిచాడు. సౌండ్ ఇంజనీరు బుడాన్ ఒక్కడే ఉన్నాడు.

"బుడాన్, మొదట్లో గౌరికి గొంతు ఎవరిచ్చారు?"

"వీరమ్మగారండీ. మొదటి ఎపిసోడ్ నుంచీ ఆవిడే. కొత్త పిల్లకి తెలుగొచ్చు, డబ్బింగ్ అక్కర్లేదని మీరేగా మాన్పించారు. ఇప్పుడీ బెంగళూరు అమ్మాయికి గొంతిచ్చేది వేరే ఆవిడ."

"వెంటనే పిలిపించు."

"ఇంకెక్కడొస్తారు సార్? పక్క చానల్‌కి అగ్రిమెంటు రాసిచ్చేశారు. సరిగ్గా మన టైముకే ఆ సీరియల్."

"ఏం మనుషులయ్యా! పోయేముందు నాతో ఒక్క ముక్క చెప్పకూడదా?"

బుడాన్ తల దించుకుని వైర్లు చుట్టసాగాడు.

"చెప్దామనే వచ్చారంట సార్. గౌరి ఎవరైనా సరే, మాట తీరు తను దగ్గరుండి నేర్పిస్తానని చెప్పడానికి మే నెలలో దర్శి మండపంలో మీ ముందు గొడుగు పట్టుకుని నిలబడింది ఆ వీరమ్మగారేనండీ."