జలుబే కదా!

"గేటు తియ్యరా!" బైకు దిగకుండానే అరిచాడు మురళీధర్.

గేటు బయట నిలబడ్డ వాచ్‌మన్ జగ్గయ్య తియ్యలేదు సరికదా, ఉన్న తాళానికి తోడు ఇంకో తాళం బిగించాడు.

"తియ్యను బాబూ. ముందు ఆస్పత్రికి నడండి."

స్టీలు ప్లాంటుకి రోలర్లు చేసిచ్చే చిన్న కార్ఖానా అది. దానికి మేనేజరు మురళీధర్. మూడు వారాలుగా ముక్కు దిబ్బడ, నుదురు పగిలిపోయే నొప్పి. ఇవాళ పొద్దున్న లేచేసరికి కుడికన్ను నిమ్మకాయంత ఉబ్బి సగం మూసుకుపోయింది. భార్య మణిమాల గుమ్మానికి అడ్డం నిలబడి బతిమాలినా వినలేదు. "జలుబుకి మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు!" అని ఓ మాట విసిరి వచ్చేశాడు. మూడు వారాలైందన్న లెక్క మాత్రం వేసుకోలేదు మహానుభావుడు!

"పదింటికి ప్లాంటు నుంచి ఇన్‌స్పెక్షన్ వాళ్ళొస్తున్నారు. నేను లేకపోతే ఆర్డరు పోతుంది. తియ్యి!"

"ఆర్డరు పోతే ఇంకోటొస్తాది. కన్ను పోతే ఏటి సేస్తారు?"

"నువ్వేమైనా డాక్టరువా? కంట్లో దుమ్ము పడింది, అంతే."

"దుమ్ము కాదు బాబూ. నానెరుగుదును."

మురళీధర్‌కి ఒళ్ళు మండింది. గేటు దగ్గర కూర్చునేవాడు తనకి వైద్యం చెప్పడమా! బైకు దిగి మీదికెళ్ళాడు. దగ్గరికెళ్ళేసరికి ఇద్దరు జగ్గయ్యలు కనిపించారు. ఇద్దరూ మొండిగా చేతులు కట్టుకునే ఉన్నారు. ఎడమవైపు వాడి కాలరు పట్టుకోబోతే చేతికి గాలి తగిలింది.

"సూసినారా? ఒకటి రెండుగా అవుపిస్తన్నాది కదా?" అన్నాడు జగ్గయ్య. "ఇంక నానొగ్గను."

"ఒరేయ్, గేటు వదిలి అడుగు కదిపావంటే ఈ పూటే నీ ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనీండి."

రోడ్డు మీద పోతున్న ఓ హిందీవాడి ఆటోని ఆపాడు జగ్గయ్య. "భయ్యా, బడా అస్పతాల్! జల్దీ!" అంటూ మేనేజరుగారి చంకల కింద చేతులేసి ఎత్తి లోపల కూలేశాడు. దారి పొడుగునా మురళీధర్ తిడుతూనే ఉన్నాడు. మధ్యలో ఓసారి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. జగ్గయ్యది ఉడుంపట్టు, వదిలితేనా!

ఆస్పత్రిలో డాక్టర్ రజనీకుమారి స్కాన్ చూసి మొహం చిట్లించింది.

"మామూలు జలుబు కాదండీ ఇది, సైనస్ ఇన్‌ఫెక్షన్. ముక్కు పక్కన చీము నిండిపోయి, ఎముక దాటి కంటి వెనక చేరింది. సాయంత్రం దాకా ఆగి ఉంటే చూపు పోయేది. అక్కణ్ణించి మెదడుకి పాకితే మనిషే దక్కడు. ఇప్పుడే ఆపరేషన్ చేసి చీము తీసేస్తాం, కన్ను నిలబడుతుంది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారసలు?"

మురళీధర్ వాచిన కంటిని తడుముకున్నాడు. అప్పటిదాకా పౌరుషం కింద దాగిన భయం ఒక్కసారి పైకొచ్చింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే జగ్గయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నా కన్ను నిలబెట్టావు జగ్గయ్యా. ఉద్యోగం గురించి నేనన్న మాట మర్చిపో. నీకేం కావాలో అడుగు, సిగ్గుపడకు."

జగ్గయ్య చెయ్యి విడిపించుకున్నాడు. నిటారుగా నిలబడి అతని మొహంలోకి సూటిగా చూశాడు.

"రేపు ఒక్క పూట సెలవు కావాల బాబూ. మా పాప బేబీకి ఆస్పత్రిలో గాజుకన్ను పెడతామన్నారు. నిరుడు దానికీ ఇలాగే జలుబు ముదిరి కన్ను వాసిపోతే, ఆస్పత్రికి తీసికెల్తానని అర్జీ రాసి మీ సేతికే ఇచ్చినాను. జలుబుకి కూడా సెలవేట్రా అనీసి సించీసినారు."