పడవలో ఎంతమంది?

"పడవలో ఎంతమంది ఉన్నారు?" రేడియోలో తీర రక్షక దళం వాళ్లు అడిగారు.

"ఒక్కణ్ణే," అన్నాడు కోజో.

పక్కనే బకెట్టుతో నీళ్లు తోడుతున్న అతని భార్య ఫుమియే చెయ్యి ఆగిపోయింది.

"ఏమండీ, నేను లెక్కలో లేనా?"

"జపాన్ చుట్టూ ఒంటరి ప్రయాణమని పేపర్లో వారంవారం రాస్తున్నానుగా. వాళ్లొచ్చేసరికి తెరచాపల అరలో దూరు."

"అక్కడికీ నీళ్లొస్తున్నాయి. మునిగిపోతే?"

"మునిగేలా ఉంటే చెబుతాలే."

అతను మొహమైనా తిప్పలేదు. ఫుమియే లైఫ్ జాకెట్ తొడుక్కుంది.

రక్షక నౌక పక్కకు రాగానే ఆమే ముందు నిచ్చెన పట్టుకుంది. పైనున్న అధికారి తెల్లబోయాడు.

"ఒక్కరేనన్నారుగా?"

"ఆయన ఒక్కరేనండి. నేను దిగిపోతున్నాను."

"ఓయ్, ఆగు," కోజో గొంతు వణికింది. "వీళ్లు తాడు కట్టి లాగుతుంటే చుక్కాని ఎవరు పడతారు? రేవులోకి పడవను నేనెప్పుడైనా తెచ్చానా?"

ఆ వణుకు తనను పోగొట్టుకుంటున్నందుకు కాదని ఫుమియేకు అర్థమైంది. పడవ కొన్నప్పటి నుంచీ, ఏడేళ్లుగా, ప్రతి రేవులోకీ దాన్ని తెచ్చింది ఆమే.

నిచ్చెన మీద నుంచే బదులిచ్చింది.

"పేపర్లో రాశారుగా. అలాగే పట్టండి."