గుంట నీళ్ల జావ

మీ గిన్నెలు ఖాళీ అయ్యాకే ఈ ముక్క వినండి. తర్వాత నన్ను తిట్టొద్దు.

జర్మన్ల అడవిలో మా రోమ్ దళాలు మూడు తుడిచిపెట్టుకుపోయిన ఆరేళ్లకి, మిగిలిన ఎముకలు పూడ్చడానికి మమ్మల్ని నడిపించారు. మా తమ్ముడు రూఫియో పోయింది ఆ అడవి బురదలోనే. వాడి మీద గుప్పెడు మట్టి వేసి వస్తానని అమ్మకు మాటిచ్చాను.

సామాన్ల బళ్లు దారిలో దిగబడిపోయాయి. ఆ రాత్రి మా గుడారంలో వంట వంతు కేసో అనే కుర్రాడిది. గోధుమ జావ కాచాడు. రెండు గిన్నెలు లాగించాక చూశాను, జావ మీద పచ్చటి కొవ్వు తేలుతోంది.

"ఒరే కేసో, పంది కొవ్వు ఎవరి దగ్గర నొక్కేశావురా?"

"నేనేం వెయ్యలేదు మామా. గుడారం వెనకున్న ఆ గుంట నీళ్లే అంత."

"మీ అత్తగారేమైనా అందులో స్నానం చేసిందేమిట్రా?"

వాడు గుంట వైపు వేలు చూపించాడు. నా అంగిటికి జిడ్డు అంటుకుపోయింది.

కాగడా పట్టుకుని గుంట దగ్గరికి వెళ్లాను. కప్పలు కూడా అరవడం లేదు. నీళ్ల మీద జిడ్డు మెరుస్తోంది. దాని మధ్య ఒక చెప్పు అడుగు తేలింది. మడమ దగ్గర మేకులు వంకరగా ఉన్నాయి. తమ్ముడు సైన్యంలో చేరిన రోజు వాటిని కొట్టింది నేనే.

చెప్పులో పాదం ఉంది, నిన్న పోయినవాడి పాదంలా మెత్తగా. గొంతుదాకా వచ్చిన జావను మింగేసి, అమ్మను తలుచుకుని, చీలమండ పట్టుకుని లాగాను.

కింద నుంచి కూడా ఎవరో లాగారు.